లూయీ బ్రెయిల్ మొదట చదివింది మామూలు బడిలోనే

స్వర్ణోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయమని కమిటీ మిత్రులు ఫోన్ చేశారు. ఇంజనీరును కాబట్టి మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి మీదో, కె.ఎల్. రావుగారి మీదో రాస్తానని వాళ్ళ ఊహ. వారి గురించి నాకంటే బాగా రాయగలవారు మన పూర్వ విద్యార్థుల్లోనే ఉన్నారు. నేను లూయీ బ్రెయిల్ గురించి రాస్తానన్నాను. అవతల కాసేపు మాట లేదు. అంధుల పాఠశాల సంచికకైతే బాగుంటుంది గానీ, మన బడికీ ఆయనకూ సంబంధం ఏమిటని అడిగారు. ఉంది. చెబుతాను.

చూపు లేనివారి కోసం లిపి కనిపెట్టినవాడని ఆయన గురించి మనందరికీ తెలుసు. జనరల్ నాలెడ్జి పుస్తకంలో ఒక లైను, క్విజ్ పోటీలో ఒక ప్రశ్న. ఆయన మొదట చదివింది అంధుల బడిలో కాదనీ, ఊళ్ళో అందరు పిల్లలూ వెళ్ళే మామూలు బడిలోననీ నాకు నలభై దాటాక గానీ తెలియలేదు.

లూయీ 1809 జనవరి 4న ఫ్రాన్సులోని కూవ్రే అనే పల్లెలో పుట్టాడు. పారిస్‌కు తూర్పున, సుమారు 40 కిలోమీటర్ల దూరం. నలుగురు పిల్లల్లో ఆఖరివాడు. తండ్రి సీమోన్ రెనే గుర్రాలకు జీన్లు, కళ్ళేలు కుట్టే పనివాడు. పనిగది ఇంట్లోనే. మూడేళ్ళ వయసులో పిల్లవాడు తండ్రిని చూసి తనూ తోలు కుట్టబోయాడు. చేతిలోని పనిముట్టు జారి మొన కంట్లో దిగింది. చీము ఆపే మందులు ఆనాడు లేవు. అది రెండో కంటికీ పాకింది. ఐదేళ్ళు వచ్చేసరికి రెండు కళ్ళూ పూర్తిగా పోయాయి.

పల్లెటూళ్ళో పనివాళ్ళ ఇంట పుట్టిన అంధ పిల్లవాడికి ఆ రోజుల్లో మిగిలే దారి దాదాపుగా భిక్షాటనే. ఈ తల్లిదండ్రులు ఆ దారికి ఒప్పుకోలేదు. తండ్రి చేతికర్ర చేసి ఇచ్చాడు. దాంతో తడుముకుంటూ పిల్లవాడు ఊరంతా తిరగడం నేర్చుకున్నాడు. తోలుపని మేకులను అక్షరాల ఆకారంలో కొట్టి, వేళ్ళతో తడిమించి అక్షరాలు నేర్పాడు. ఏ కొట్లో పోయిన కళ్ళో, ఆ కొట్లోని మేకులతోనే అక్షరాభ్యాసం. ఊరికి కొత్తగా వచ్చిన పాల్వీ అనే పాదిరి ఈ పిల్లవాడిని చేరదీసి పాఠాలు చెప్పాడు. ఆ తర్వాత ఊరి బడిపంతులు బెషెరేతో మాట్లాడి బడిలో కూర్చోబెట్టించాడు. చేర్చుకోవాలని చట్టమేమీ లేదు. పంతులుకు అదనంగా ఒక్క పైసా రాదు. అయినా ఆయన సరేనన్నాడు. ప్రపంచం చరిత్రలో ఈ బెషెరే పంతులుకు పెద్ద చోటు లేదు గానీ, నా లెక్కలో ఉంది.

పిల్లవాడు చెవులతోనే చదువుకున్నాడు. విన్నది విన్నట్టు గుర్తుండేది. తరగతిలో ముందు వరుస తెలివైన పిల్లల్లో ఒకడయ్యాడు. అయితే మిగతావాళ్ళు పుస్తకం తెరిచినప్పుడు, పలక పట్టినప్పుడు అతని చేతులకు పని లేదు. ఊరికే కూర్చోవడమే.

ఈ ముక్క దగ్గరికి వచ్చేసరికి నాకు మన బడి గుర్తుకొచ్చింది. 1982లో మేం ఏడో తరగతి. మా సెక్షనులో ఒకడికి చూపు ఏడాదికేడాదీ తగ్గిపోతూ వచ్చింది. ఆరో తరగతిలో ముందు బెంచీలో కూర్చుంటే బోర్డు కనిపించేది. ఏడులో లేచి బోర్డు దగ్గరికి వెళ్తేనే కనిపించేది. ఎనిమిదికి వచ్చేసరికి అదీ లేదు. మాది ఒకటే బెంచీ. బోర్డు మీద ఉన్నది నేను గుసగుసగా చదివితే వాడు నోటితోనే లెక్క చేసేవాడు. ఎక్కాలు, భిన్నాలు, వడ్డీ లెక్కలు, అన్నీ. నేను కాగితం మీద వేసి ముగించే లోపే వాడు జవాబు చెప్పేవాడు. క్లాసులో మాట్లాడుతున్నామని ఇద్దరం చాలాసార్లు బెంచీ ఎక్కాం. వాడిని ఎవరూ వెళ్ళిపొమ్మనలేదు, ఎవరూ కసురుకోలేదు. పాపం అనేవాళ్ళు, అంతే. వాడికి ఏం కావాలని మాత్రం ఎవరూ అడగలేదు. పక్కన కూర్చున్న నేనూ అడగలేదు. ఎనిమిదో తరగతి అర్ధసంవత్సర పరీక్షల్లో మూడు గంటలూ తెల్లకాగితం ముందు కూర్చుని, దాన్ని అలాగే ఇచ్చి వెళ్ళాడు. సంక్రాంతి సెలవుల తర్వాత మరి రాలేదు.

లూయీ కథలోకి వస్తాను. ఆ ఊరి జమీందారు లాంటి ఒక మార్క్విస్ సిఫారసుతో 1819 ఫిబ్రవరిలో, పదేళ్ళ వయసులో, పారిస్‌లోని రాజాస్థాన అంధబాలుర పాఠశాలలో సీటు, భోజన వసతి దొరికాయి. దాన్ని స్థాపించినవాడు వాలెంటిన్ హావీ. అంధులకు చదువు చెప్పవచ్చని యూరప్‌కు చూపించిన మహానుభావుడు. ఆయన పద్ధతిలో మామూలు అక్షరాలనే దళసరి కాగితం మీద ఉబ్బెత్తుగా అచ్చువేసేవారు. పిల్లలు వేలితో ఒక్కొక్క అక్షరం అంచులూ వంపులూ తడుముకుంటూ చదవాలి. పుస్తకాలు మోయలేనంత బరువు, పైగా బహు కొద్ది. అన్నిటికీ మించిన లోపం, పిల్లలు సొంతంగా రాసుకోలేరు. ఉబ్బెత్తు అక్షరం వేయాలంటే అచ్చుయంత్రం కావాలి కదా. ఊరి బడిలో ఊరికే ఉన్న చేతులు ఇక్కడ చదవడం నేర్చాయి గానీ, రాయడానికి ఇంకా దారి లేదు.

1821లో షార్ల్ బార్బియే అనే మాజీ సైనికాధికారి ఒక చుక్కల పద్ధతి తెచ్చి ఆ బడిలో చూపించాడు. ఇది కాస్త వివరంగా చెప్పనివ్వండి. నేను పనిచేసేది టెలికాం రంగంలో, సంకేతాలే నాకు కూడు పెట్టాయి. బార్బియే 36 ధ్వనులను ఆరు అడ్డువరుసలు, ఆరు నిలువువరుసల పట్టికలో పెట్టాడు. ఒక ధ్వని రాయాలంటే ఎడమవైపు నిలువుగా పెట్టిన చుక్కల సంఖ్య పట్టికలో ఎన్నో అడ్డువరుసో చెబుతుంది. కుడివైపు చుక్కల సంఖ్య ఆ వరుసలో ఎన్నో గడో చెబుతుంది. అంటే ఒక్క ధ్వనికి 12 చుక్కల దాకా పడవచ్చు. కాగితం మీద సూదిమొనతో గుచ్చితే చాలు, అచ్చుయంత్రం అక్కర్లేదు. ఇది గొప్ప ముందడుగే. కాని చదివేవాడు ప్రతి ధ్వనికీ చుక్కలు లెక్కపెట్టుకోవాలి. పన్నెండు చుక్కల ఎత్తు వేలికొన కింద ఇమడదు, వేలు పైకీ కిందికీ జరపాలి. పైగా రాసేది ధ్వనే. అక్షరక్రమం లేదు, విరామచిహ్నాలు లేవు, అంకెలు లేవు.

పన్నెండేళ్ళ లూయీ దీన్ని పట్టుకున్నాడు. పగలు తరగతులు, రాత్రి అందరూ పడుకున్నాక పలక, సూది, కాగితం. సెలవులకు కూవ్రే వెళ్ళినా అదే పని. 1824కు, అంటే పదిహేనేళ్ళకు, చాలావరకు పూర్తయింది. అతను చేసిన మార్పు చిన్నదిగా కనిపిస్తుంది. పన్నెండును ఆరు చేశాడు, నిలువుగా మూడేసి చొప్పున రెండు వరుసలు. అసలు కిటుకు అది కాదు. బార్బియే దగ్గర చుక్కల సంఖ్య ముఖ్యం. లూయీ దగ్గర ఏ చోట చుక్క ఉంది, ఏ చోట లేదు అన్నదే ముఖ్యం. ఆరు చోట్లు, ఒక్కొక్కచోట ఉండటమో లేకపోవడమో. రెండును ఆరుసార్లు హెచ్చిస్తే 64. ఖాళీ గడి తీసేస్తే 63 గుర్తులు. అక్షరాలకు, విరామచిహ్నాలకు, అంకెలకు, సంగీత స్వరాలకు సరిపడా. ఆరు చుక్కలూ వేలికొన కింద ఒక్కసారే తగులుతాయి. లెక్కపెట్టనక్కర్లేదు, ఆకారం తెలిసిపోతుంది. కంప్యూటర్లకు వంద సంవత్సరాల ముందు ఒక కుర్రవాడు ఆరు బిట్ల సంకేతం తయారుచేశాడు. మొదటి పది అక్షరాలకు పై నాలుగు చుక్కలే వాడాడు. తర్వాతి పదికి అవే ఆకారాలకు కింద ఎడమ చుక్క కలిపాడు. ఆ తర్వాతి వాటికి కుడి చుక్క కూడా కలిపాడు. పది నేర్చుకుంటే మిగతావి వాటంతటవే వస్తాయి. ఇంత పొదుపైన డిజైను నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను చేయలేదు.

1829లో ఈ పద్ధతిని పుస్తకంగా వేశారు. మొదట కొన్ని గుర్తుల్లో చుక్కలతోబాటు చిన్న గీతలు కూడా ఉండేవి. 1837 ముద్రణలో వాటిని తీసేసి చుక్కలనే మిగిల్చాడు. అప్పటికి అదే బడిలో ఉపాధ్యాయుడు. వ్యాకరణం, చరిత్ర, లెక్కలు, సంగీతం చెప్పేవాడు. ఆర్గన్ వాయించడంలో దిట్ట. పారిస్ చర్చిల్లో ఆర్గనిస్టుగా ఉద్యోగం చేశాడు. జీతంలో కొంత పేద విద్యార్థులకు అప్పుగా ఇచ్చేవాడు. ఆయన చనిపోయాక ఒక పెట్టె దొరికింది. తెరవకుండా తగలబెట్టమని పైన రాసి ఉంది. తెరిచి చూస్తే అందులో ఉన్నవి ఆ అప్పుపత్రాలట.

మన వాళ్ళలో ఎక్కువమందికి తెలియని భాగం ఇక్కడుంది. చుక్కల లిపితో అంధులు అంధులకు రాసుకోగలరు. మరి ఇంట్లో అమ్మకు? చూపున్న స్నేహితుడికి? ఇది లూయీని వదల్లేదు. 1839లో ఇంకో పద్ధతి ప్రకటించాడు. మామూలు అక్షరాల ఆకారాలనే చుక్కలతో గుచ్చడం. ప్రతి అక్షరాన్నీ పది చుక్కల ఎత్తున్న చట్రంలో పెట్టి, ఏ చుక్క ఎక్కడ పడాలో అంకెల్లో చెప్పాడు. చూపు లేనివాడు ఆ అంకెలు గుర్తుపెట్టుకుని గుచ్చితే, చూపున్నవాడు మామూలు ఉత్తరంలా చదువుకోవచ్చు. గుచ్చడం మెల్లగా సాగుతోందని అదే బడి పూర్వ విద్యార్థి, తనకూ చూపు లేని పియేర్ ఫూకో, పది మీటలున్న ఒక యంత్రం చేశాడు. అది 1840ల మొదట్లో. టైప్ మిషన్లు బజారులోకి రావడానికి ముప్పై ఏళ్ళు ముందు. ఒక పూర్వ విద్యార్థి తన బడికి చేసిన సేవల్లో ఇంతకంటే మంచిది నేను వినలేదు.

ఈలోగా బడిలో గాలి మారింది. లూయీని మొదటి నుంచీ ప్రోత్సహించిన డైరెక్టర్ పీన్యేను 1840లో తప్పించారు. తర్వాత వచ్చిన డ్యూఫోకు చుక్కలు ఇష్టం లేదు. మామూలు అక్షరాల ఉబ్బెత్తు అచ్చే కావాలన్నాడు. ఆ పక్షం వారి వాదన వినడానికి చాలా న్యాయంగా ఉంటుంది. చూపున్నవారు చదవలేని లిపి నేర్పితే అంధులు సమాజం నుంచి వేరైపోతారు, అందరితో కలవాలంటే అందరి లిపే నేర్వాలి అని. ఇప్పటికీ ఇలాంటి మాట మనం సదుద్దేశంతోనే అంటుంటాం. మా పిల్లవాడిని అందరితో సమానంగానే చూస్తున్నాం, ప్రత్యేకంగా ఏమీ చేయడం లేదు అని. మా బడిలో నా మిత్రుడిని కూడా అందరితో సమానంగానే చూశారు. అందరికీ ఇచ్చిన తెల్లకాగితమే వాడికీ ఇచ్చారు.

డ్యూఫో వద్దన్నా పిల్లలు మానలేదు. వేళ్ళకు తేలికైనదాన్ని వేళ్ళు వదలవు. క్రమంగా డ్యూఫో సహాయకుడు గ్వాదే చుక్కల పక్షానికి వచ్చాడు, పై అధికారినీ ఒప్పించాడు. 1844 ఫిబ్రవరిలో బడి కొత్త భవనం ప్రారంభోత్సవంలో అందరి ముందూ ఆ లిపిని చదివించి, రాయించి చూపించారు. దాన్ని కనిపెట్టినవాడు ఆ సభలోనే ఉన్నాడు. అప్పటికే క్షయతో చిక్కిపోయాడు. పాఠాలు చెప్పే ఓపిక కూడా తగ్గింది. 1852 జనవరి 6న, నలభై మూడు నిండిన రెండో రోజున కన్నుమూశాడు. రెండేళ్ళకు, 1854లో, ఫ్రాన్సు ఆ లిపికి అధికారిక గుర్తింపు ఇచ్చింది. 1952లో, శతవర్ధంతికి, ఆయన అస్థికలను పారిస్‌లో జాతి మహనీయుల సమాధులుండే పాంథియన్‌కు తీసుకువెళ్ళారు. సొంత ఊరివాళ్ళు మాత్రం చేతులు ఇవ్వలేదు. అవి కూవ్రేలోనే ఉన్నాయి.

మన దేశంలో భాషకో రకంగా ఉన్న చుక్కల పద్ధతులను కలిపి 1951లో భారతి బ్రెయిలీ తయారుచేశారు. తెలుగు క, హిందీ క, తమిళ క, మూడింటికీ ఒకటే గుర్తు. ఇంగ్లీషు కె కూడా అదే. కంటికి వేరుగా కనిపించే లిపులు వేలికి ఒకటే. 1974 నుంచి వికలాంగ బాలలను మామూలు బడుల్లో చదివించే కేంద్ర పథకం ఉంది. అంటే మేం బడిలో ఉన్న రోజుల్లోనే ఉంది, మా బెంచీ దాకా రాలేదు. 2016 చట్టం ప్రకారం నిర్ణీత స్థాయి వైకల్యమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత విద్య హక్కు. పక్కనున్న మామూలు బడి కావాలో, ప్రత్యేక పాఠశాల కావాలో ఎంచుకునే వీలుంది. ఇప్పుడు మండలాల్లో భవిత కేంద్రాలు, సహిత విద్య ఉపాధ్యాయులు ఉన్నారు. పరీక్షకు రాసిపెట్టేవారిని ఇస్తున్నారు. మంచిదే. కాని రాసిపెట్టేవాడు ఏడాదికి నాలుగు రోజులు వస్తాడు, మిగతా రోజులు పిల్లవాడి చేతులకు పని ఎవరు ఇస్తారు? ప్రత్యేక పాఠశాలలు వద్దని నేననడం లేదు. లూయీకి పారిస్ బడి లేకపోతే ఈ లిపే లేదు. అక్కడి తోటి అంధ పిల్లల వేళ్ళే అతని ప్రయోగశాల. అలాగని ఊరి బడి వృథా కాలేదు. చూపున్న పిల్లలతో చదవగలనన్న ధీమా అక్కడిది. లేకపోతే అమ్మ చదవగలిగే ఉత్తరం గురించి అంత ఆలోచించేవాడు కాదేమో.

స్వర్ణోత్సవ నిధితో స్వాగత ద్వారం కట్టాలని తీర్మానమైంది, నేనూ చందా ఇచ్చాను. ద్వారం పక్కన మెట్లతోబాటు చక్రాల కుర్చీ ఎక్కే వాలు కూడా డ్రాయింగులో పెట్టమని అడిగాను, పెట్టారు. వాలు పన్నెండుకు ఒకటి కంటే ఎక్కువ ఉండకూడదని కాంట్రాక్టరుకు గట్టిగా చెప్పండి. లేకపోతే అది ఫొటోకు తప్ప పనికిరాదు. లైబ్రరీకి పది బ్రెయిలీ పలకలు, గుచ్చే సూదులు, ఒక కట్ట దళసరి కాగితం నేను తెచ్చి ఇస్తాను. అబ్బో అనిపించే ఖర్చేం కాదు. ఆ పలక మీద కుడి నుంచి ఎడమకు గుచ్చాలి, కాగితం తిప్పి ఎడమ నుంచి కుడికి చదవాలి. చూపున్న పిల్లలకు కూడా ఒక మధ్యాహ్నం నేర్పి చూడండి, గంటలో పేరు రాసేస్తారు. నేర్చుకోవడానికి నాకు మాత్రం వారం పట్టింది, వయసు అనుకోండి.

ఇంకో విన్నపం. పూర్వ విద్యార్థుల జాబితాను పదో తరగతి రిజిస్టర్ల నుంచి తయారుచేశారు. మా 1985 బ్యాచ్ పేజీలో నలభై ఒక్క పేర్లున్నాయి. ఎనిమిదో తరగతి హాజరుపట్టీలో అంతకంటే ఎక్కువ ఉండాలి. మధ్యలో ఆగిపోయినవారికి ఆహ్వానం వెళ్ళలేదు. పాత హాజరుపట్టీలు ఆఫీసు బీరువాలో ఉన్నాయని గుమాస్తాగారు చెప్పారు. నేను వచ్చే నెల సెలవు పెట్టి వస్తున్నాను, కూర్చుని చూస్తాను. నా బెంచీ మిత్రుడి ఇంటిపేరు నాకు సరిగ్గా గుర్తులేదు, ఊరి పేరు గుర్తుంది. 1983 సంక్రాంతి తర్వాత వాళ్ళ కుటుంబం ఎటు వెళ్ళిందో ఆ రోజుల మాస్టార్లకు గానీ, మా సెక్షనువాళ్ళకు గానీ తెలిసి ఉంటే దయచేసి కమిటీ ఆఫీసులో చెప్పండి.